మతచర్చలో మాటమర్యాద

గ్రామ పంచాయతీ సభ్యుల యొద్దకు పలువిధములైన తగవులు వచ్చుచుండును. పొలముగట్టు జరిపినారని యొకరు, చెరువునీరు పైమడివారే మళ్ళించుకొన్నారని యొకరు, మురుగుకాలువ మా గుమ్మము ముందే యేల త్రవ్వవలెనని మరియొకరు వత్తురు. వీనికి కొలత గలదు, అడంగలు గలదు, సాక్షులు గలరు. దేవుని గూర్చియు ధర్మమును గూర్చియు పుట్టిన తగవునకు ఇవి యేవియు లేవు. ఇరుపక్షములవారును తామే సత్యము పలుకుచున్నామని మనసార నమ్మియుందురు. కనుకనే ఇట్టి తగవు చిన్నమాటతో మొదలై పెద్దదగును. ఒకమారు ముదిరినచో మనుమల కాలమువరకు చల్లారదు.

అట్టి మాటలే వద్దని కొందరు పెద్దలు చెప్పుచుందురు. దేవుని మాట యెత్తకున్నచో తగవే యుండదని వారి తలంపు. మాకు మాత్రము ఇది సాధ్యముగను తోచదు, మంచిదిగను తోచదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానునకు ఉద్దానములోని కొబ్బరితోటలు, జీడితోటలు నేలకూలినవి. ముప్పదియేండ్లు పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో పోయినపుడు, ఇది దైవనిర్ణయమా, కర్మఫలమా, కేవలము గాలివేగమా యని రైతు ఆలోచింపకుండునా? ఆలోచించినవాడు మాటలాడక మానడు. నోరునొక్కిన మాట చావదు. వీధిగుమ్మము మూసినచో పెరటిదారిన పోవును. ఎదుట చెప్పరాదన్న మాటను చాటున చెప్పుకొనుటవలననే విరోధములు పెరుగుచున్నవి. ఆ మాటను పదిమందిలో, ఒకరి మనసు నొకరు గాయపరుపకుండ చెప్పుకొనుట యెట్లన్నదే మన ముందున్న ప్రశ్న. దీనికి దూరము పోనక్కరలేదు. మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములే ఈ విషయమున పాతబడులు.

శ్రీకాకుళము జిల్లా గార మండలమును చూడుడు. వంశధార యొడ్డున శాలిహుండము కొండపై బౌద్ధుల స్తూపములు, చైత్యములు గలవు. తారాదేవి, మారీచి మొదలైన బౌద్ధదేవతల విగ్రహములచట లభించినవి. అదే మండలములో కూర్మావతారమునకు నెలవైన శ్రీకూర్మము గలదు. విజయనగరము జిల్లా నెల్లిమర్ల మండలములోని రామతీర్థమున మూడు కొండలు. గురుభక్తులకొండపై బౌద్ధవిహార శిథిలములు. దుర్గకొండ గుహలలో జైన తీర్థంకరుల మూర్తులు. బోడికొండపై కోదండరాముని కోవెల. తూర్పు చాళుక్యరాజైన విమలాదిత్యుని కాలమున, అనగా 11వ శతాబ్దపు తొలిపాదమున, అతని గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనాచార్యుడు రామకొండను భక్తితో సేవించెనని అచటి గుహాశాసనము చెప్పుచున్నది. ఒక్క ఊరి పొలిమేరలో మూడు మతములు నివసించినవి. వీరందరును ఒకరితో నొకరు మాటలాడుకొనక, మౌనముగా నుండిరని యెవ్వరు నమ్ముదురు?

శ్రీకూర్మములోని దేవుడు పశ్చిమముఖముగా నుండుటయు, ఆ కోవెలకు రెండు ధ్వజస్తంభములుండుటయు యాత్రికులందరు నెరిగినవే. ఇది తొలుత శివక్షేత్రమనియు, రామానుజాచార్యులవారి కాలమున వైష్ణవక్షేత్రమైనదనియు స్థలమువారి వాడుక. 13వ శతాబ్దమున మధ్వాచార్యుల శిష్యులైన నరహరితీర్థులు గాంగరాజుల యేలుబడిలో ఈ ప్రాంతమున అధికారము నెరపిరి. శ్రీకూర్మనాథుని సన్నిధిలో యోగానంద నరసింహస్వామికి ఆలయము నిర్మించినట్లు వారి 1281వ సంవత్సరపు శాసనము తెలుపుచున్నది. అందులో తమ గురువుగారిని వారు కొనియాడిరి. దేవుడు వేరు, జీవుడు వేరు అన్నది మధ్వమతము. జీవుడు దేవునికి శరీరమువంటివాడన్నది రామానుజమతము. రెండును నిజమున కొక్కటే యన్నది శంకరమతము. ఒకటి యొప్పుకొన్నచో తక్కిన రెండును ఒప్పుకొనుటకు వీలులేదు. అయినను ఒక మతమువారి క్షేత్రమున మరియొక మతాచార్యుడు తన గురువు మాట రాతిపై చెక్కించెను. ఆ రాయి యేడువందల యేండ్లుగా అక్కడనే యున్నది.

ఆ పండితుల వాదములన్నియు పూలమాలలవలె మెత్తనివని మేము చెప్పబోము. నిప్పులు చెరుగు మాటలును వారి గ్రంథములలో గలవు. కాని వారు తప్పక పాటించిన నియమ మొకటి గలదు. దానినే పూర్వపక్షమందురు. తన మాట చెప్పుటకు ముందు ఎదుటివాని మాటను తానే చెప్పవలెను. అదియు వెక్కిరించుచు గాక, వానికున్న బలమంతయు దానికిచ్చి చెప్పవలెను. ఎదుటివాడు విని, "ఔను, నా మాట ఇదియే" అని తలయూపిన పిమ్మట గాని జవాబు మొదలుపెట్టరాదు. ఎదుటివాని గడ్డిబొమ్మను చేసి కొట్టి, గెలిచితిననుకొనుట పండితసభలో నవ్వులపాలగుటయే.

గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు విధములుగా విభజించినవి. సత్యమేదో తెలిసికొనుటకై ఇరువురును కలిసి చేయునది వాదము. గెలుపే గురిగా చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక, ఎదుటివాని పక్షమును పడగొట్టుటయే పనిగా చేయునది వితండ. దీనిని గ్రామస్థుల మాటలలో చెప్పవలెనన్నచో ఇట్లు చెప్పవచ్చును. విత్తనము మొలకెత్తునో లేదో యని ఇద్దరు రైతులు తడిగుడ్డలో మూటకట్టి చూచుట వాదము. సంక్రాంతికి కోళ్ళను బరిలో దింపుట జల్పము. తనకు ఇల్లు లేనివాడు ఊరివారి గోడలకు గునపము వేయుట వితండ. రచ్చబండపై మాట నడచుచుండగా, ఇది యిప్పుడు ఈ మూటిలో నేదియైనదని సభ్యులు గమనించుచుండవలెను. వాదము జల్పముగా మారు గడియను గుర్తించుట కష్టము కాదు. అప్పటివరకు "ఆ మాట ఎట్లు?" అని అడుగుచున్నవాడు, "మీవాళ్ళంతా ఇంతే" అనుట మొదలుపెట్టును. చర్చ సిద్ధాంతమును విడిచి మనుష్యులమీదికి, కులముమీదికి పోయినదనుట కిదియే గుర్తు. అపుడు సభను మరునాటికి వాయిదా వేయుట మంచిది.

ఇంకను పాతదైన సాక్ష్యమొకటి గలదు. అశోకుని పండ్రెండవ శిలాశాసనము పూర్తిగా ఈ మాటమర్యాదను గూర్చినదే. తన మతముమీది ప్రేమచేత పరమతమును నిందించువాడు తన మతమునకే కీడు చేయుచున్నాడనియు, నాలుకను అదుపులో నుంచుకొని ఒకరి ధర్మమును మరియొకరు వినవలెననియు దాని భావము. కళింగయుద్ధము జరిగిన నేలపై, మనకు పొరుగుననున్న గంజాము జిల్లా జౌగడలో, ఆ శాసనము చెక్కబడలేదు. అక్కడ వేరు శాసనములను చెక్కించిరి. పండ్రెండవ శాసనమును చూడగోరు తెలుగువాడు కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడికి పోవలెను.

ఇక మనవారి యుదాహరణములు. ముఖలింగమే నాటి కళింగనగరము. అచట రాజ్యమేలిన అనంతవర్మ చోడగంగదేవుడు తొలి శాసనములలో తన్ను పరమమాహేశ్వరునిగను, తరువాతి శాసనములలో పరమవైష్ణవునిగను చెప్పుకొనెను. పూరీ జగన్నాథుని పెద్దకోవెల నిర్మాణము ప్రారంభించినవాడితడే. రాజు మనసు మారినందున ఊరి దేవుడు పోలేదు. ముఖలింగమున మధుకేశ్వరస్వామి నేటికిని పూజలందుకొనుచున్నాడు. ఆ స్వామి ఇప్పచెట్టునుండి వెలసినాడని చెప్పు స్థలకథలో సవరలే ముఖ్యులు.

సవరల మాట వచ్చినది కనుక గిడుగు రామమూర్తిగారిని తలంపక తప్పదు. ముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా సవరలతో పరిచయము కలిగెను. వారిని గూర్చి మాటలాడుటకు ముందు వారితో మాటలాడవలెనని ఆయన నిశ్చయించి, పుస్తకము లేని ఆ భాషను చెవితో విని నేర్చుకొనిరి. వారికై బడులు పెట్టిరి. 1931లో సవరభాషకు వ్యాకరణగ్రంథమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. సవరలు పితరులకై ఇంటిగోడపై పూజాచిత్రములు వ్రాయుదురు. దానిని చూచి "గోడమీది గీతలు" అనువాడు ఒక్క క్షణములో తీర్పు చెప్పినవాడగును. ఆ గీతలోని మనిషి యెవరు, గుఱ్ఱమెందులకు, ఈ చిత్రము ఏ జబ్బువేళ వ్రాసితిరి అని అడుగుటకు మాత్రము భాష రావలెను, తీరిక యుండవలెను. మన్యము సరిహద్దున నున్న పంచాయతీల సభ్యులు ఈ తేడాను మనసునందుంచుకొందురుగాక.

విజయనగరమున ఆదిభట్ల నారాయణదాసుగారి పేరు తెలియనివారు లేరు. 1864లో అజ్జాడలో పుట్టి, హరికథకు తండ్రివంటివారై, 1919లో నెలకొల్పబడిన విజయనగర సంగీత కళాశాలకు అధ్యక్షులైరి. జీవితమంతయు హరినామము పాడిన ఆ దాసుగారు పారసీభాష నేర్చి, ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతములోనికిని అచ్చతెలుగులోనికిని మార్చిరి. ఖయ్యాము స్వర్గమును శంకించినవాడు, మధుపాత్రను కీర్తించినవాడు. తన నమ్మకమున స్థిరముగా నున్నవానికి పరుల సందేహము వినుటకు భయముండదనుటకు ఇంతకన్న చక్కని తార్కాణము మాకు దొరకలేదు. ఆ నగరప్రభువైన ఆనందగజపతి మహారాజు, ఆక్స్‌ఫర్డులోని మాక్స్‌ముల్లరను క్రైస్తవపండితుని ఋగ్వేద ద్వితీయముద్రణమునకు ధనసహాయము చేసిరి. అది 1890–92 సంవత్సరములలో వెలువడినది.

ఆ ఊరనే నివసించిన గురజాడ అప్పారావుగారు 1910లో "మీ పేరేమిటి?" అను కథను ప్రకటించిరి. అది శైవ వైష్ణవ కక్షల కథ. ఎవరి దేవుడు గొప్పయన్న పంతము నిప్పులగుండమువరకు పోవును. పంతము పెరిగినకొలది దేవుడు ప్రక్కకు తొలగి మనుష్యుల పౌరుషమే మిగులునని మేము ఆ కథవలన గ్రహించితిమి. పంచాయతీ సభ్యులు వీలుచేసికొని ఊరి గ్రంథాలయమున ఒక సాయంకాలము దానిని చదివించినచో ఎంతయు బాగుండును.

ఇప్పుడు నిత్యము ఎదురగు సంగతికి వత్తము. ఒక గ్రామమున అమ్మవారి సంబరము తలపెట్టినారనుకొందము. ఇంటికింతయని చందా నిర్ణయించిరి. కొన్నియేండ్లుగా ప్రార్థనామందిరమునకు పోవుచున్న ఒక కుటుంబము, "మా విశ్వాసమునకు సరిపడదు, ఇయ్యజాలము" అన్నది. "ఊరి నూతినీరు త్రాగుచు ఊరితల్లికి రూపాయి ఇయ్యవా?" అని ఒక పెద్ద కసరెను. "రాతికెందుకు ఇయ్యవలె?" అని ఆ ఇంటి కుఱ్ఱవాడు అనెను. రెండు మాటలతో ఊరు రెండైనది. మరునాటికి వారి ఇంటికి చాకలి పోరాదు, కిరాణాకొట్టులో సరుకు లేదు అను మాట పుట్టినది.

ఇచట పూర్వపక్షమును ప్రయోగించి చూడుడు. సభ్యులు ఆ పెద్దను, కుఱ్ఱవానిని కూర్చుండబెట్టి, ఒకరి మాట నొకరిచేత చెప్పింపవలెను. కుఱ్ఱవాడు ఇట్లు చెప్పగలుగవలెను: "వీరికి సంబరమనగా పూజ మాత్రమే కాదు. పూర్వము మశూచి, కలరా వచ్చినపుడు ఊరంతయు ఒక్కటై మొక్కిన మొక్కు. కుమ్మరి ఘటము, డప్పులవారి డప్పు, ప్రతికులమువారి చేయియు అందులో గలదు. అత్తవారింటి ఆడపిల్లలందరును పుట్టింటికి వచ్చునది ఆనాడే. నేను ఇయ్యనన్నచో, ఊరే నాకక్కరలేదన్నట్లు వీరికి వినబడినది." పెద్ద ఇట్లు చెప్పగలుగవలెను: "వీరి దృష్టిలో ఇచ్చుటయే మ్రొక్కుట. ఇతర దేవతలకు మ్రొక్కరాదని వీరు ప్రమాణము చేసికొన్నారు. ఈ రూపాయి ఇచ్చినచో వీరి మనస్సాక్షి వీరిని బాధించును. పిసినితనము కాదు, పొగరు కాదు." ఇరువురును ఈ మాటలు నోటితో పలికిన పిమ్మట తగవు సగము తగ్గును. తక్కిన సగమునకు దారి వెదకవచ్చును. పూజకు ఇయ్యనివారు, చూడవచ్చిన చుట్టములకు మంచినీరు పోయుటకో, వీధి శుభ్రపరచుటకో ముందుకు రావచ్చును. రారా, అదియు వారి యిష్టమే. వారి ఆడపిల్లను ఊరి ఆడపిల్లగనే ఆదరించి పిలువవచ్చును. నమ్మకము మారినంతమాత్రమున ఊరివారు కాకపోరు.

చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. రాజ్యాంగము 25వ అధికరణము ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యమునకు లోబడి ప్రతివానికిని తన అంతరాత్మ చెప్పిన మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు హక్కునిచ్చినది. ఏ ఒక్క మతమును పెంపొందించుటకై ప్రత్యేకించిన పన్నును కట్టవలసినదిగా ఎవ్వరిని నిర్బంధింపరాదని 27వ అధికరణము. సంబరపు చందా మనసార ఇచ్చునది గాని పంచాయతీ పన్ను కాదు. దానిని ఇంటిపన్ను రసీదుతో ముడిపెట్టుట తగదు. ప్రచారపు హక్కున్నది గదాయని ఒకరి గుమ్మము ముందు నిలచి వారి దేవుని దూషించుటయు హక్కు కాదు. మతభావములను కావలెనని గాయపరచుట 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 299, 302 సెక్షనులక్రింద నేరమగును. అయినను ప్రతి పెడసరి మాటకు పోలీసుఠాణాకు పోవలెనని మా అభిప్రాయము కాదు. ఠాణాకు పోయిన మాట తిరిగి ఊరికి వచ్చునపుడు పగగా మారి వచ్చును.

దేవుడే లేడనువాడును మన ఊరివాడే. శాస్త్రీయదృష్టిని, విచారణాబుద్ధిని పెంపొందించుట పౌరుని విధియని రాజ్యాంగము 51ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ హేతువాది ప్రశ్నను ఆస్తికులు వినవలెను. తల్లి మొక్కు తీర్చుకొనుచు ఘటమెత్తుకొన్న వేళ ఆమెను అడ్డగించి అడుగుటకంటె, మరునాడు రచ్చబండపై అడుగుట తగునని అతడును తెలిసికొనవలెను.

మర్యాద యనగా అన్నిటికి తలయూపుట కాదు. ఇచట మేము కొంత గట్టిగా చెప్పవలసియున్నది. జీవుడు, దేవుడు ఒకటా రెండా యన్నదానిని ఊరు తేల్చనక్కరలేదు. వేయియేండ్లుగా తేలలేదు, పంటలకు నష్టము రాలేదు. కాని పాము కరచినవానికి మంత్రము చాలునన్నపుడు అది నమ్మకపు చర్చ కాదు, ప్రాణపు ప్రశ్న. అతనిని తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. మంత్రగాని మనసు నొచ్చునని సందేహింపరాదు. ఒక ముసలమ్మ చిల్లంగి పెట్టినదని పుకారు పుట్టినపుడు ఇరుపక్షముల వాదము వినుటకు సభ తీర్చరాదు. ఆమె ఇంటికి ముందు రక్షణ కల్పించి, పోలీసువారికి కబురు పంపవలెను. ఇట్టిచోట తత్త్వచర్చ చేయుట ఆలస్యము చేయుటయే.

పుకారు మాట వచ్చినది గనుక ఒక దుఃఖకరమైన సంగతిని చెప్పవలెను. 2020 డిసెంబరు చివర రామతీర్థము బోడికొండపై కోదండరాముని విగ్రహమును ఎవరో ఖండించిరి. రాష్ట్రమంతటను కలవరము కలిగెను. 2022 ఏప్రిలులో కొండపై పునర్నిర్మించిన ఆలయమున తిరిగి ప్రతిష్ఠ జరిగినది. గుడికి కీడు జరిగినపుడు దుఃఖించుట సహజము, నేరస్థుని పట్టుకొనుమని కోరుట న్యాయము. కాని దర్యాప్తు పూర్తికాకముందే ఫలానా మతమువారు చేసిరని ఫోనులలో సందేశములు పరువులెత్తుటయే అపాయము. అట్టిదినమున సభ్యులు చేయవలసినది చిన్నపని. మన ఊరికి వచ్చిన ఆ మాటను మొదట ఎవరు చెప్పిరి, వారు కన్నులార చూచిరా, విన్నదా యని పదిమంది ముందు అడుగవలెను. ఈ ప్రశ్నకు నిలువలేని మాటలు చాల గలవు. అన్ని మతముల పెద్దలను ఆ సాయంకాలమే ఒకచోట చేర్చి, గుడికి కలిగిన నష్టము ఊరందరి నష్టమని చెప్పించినచో ఇంకను మేలు.

చివరకు మైకు సంగతి. కోవెలలో భజన, మసీదులో అజాను, చర్చిలో ఆరాధన—వీనిపై వచ్చు తగవులలో అధికభాగము నమ్మకమును గూర్చినవి కావు, నిద్రను గూర్చినవి. దేవుని తగవుగా వచ్చినదానిని ధ్వని తగవుగా మార్చినచో పరిష్కారము సులభము. 2000వ సంవత్సరపు ధ్వనికాలుష్య నియమముల ప్రకారము అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి లేక మైకు పెట్టరాదు; రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు బహిరంగస్థలమున వాడరాదు. పండుగలకు ఏడాదిలో పదునైదు దినములకు మించకుండ అర్ధరాత్రివరకు ప్రభుత్వము సడలింపు నీయవచ్చును. ఈ నియమము అన్ని మతములకు ఒక్కటే. పరీక్షల నెలలలో ఇంకను తగ్గించుకొందమని మూడు ప్రార్థనాస్థలముల పెద్దలును తమంత తాము ఒప్పుకొన్నచో, ఆ ఒప్పందమును పంచాయతీ మినిట్సు పుస్తకమున వ్రాసి, ముగ్గురిచేతను సంతకములు చేయింపవలెను. వ్రాయునపుడు గంటలు, దినములు, మైకుల సంఖ్య మాత్రమే వ్రాయుడు. ఎవరు తగ్గిరి, ఎవరు నెగ్గిరి అను మాట ఆ పుస్తకములోనికి రానీయకుడు.